రెండు హార్డ్ డిస్కులూ ఒకేసారి కనిపించకపోతే

ప్రశ్న: మా ఇంట్లో 2009లో అసెంబుల్ చేయించుకున్న డెస్క్‌టాప్ ఉంది. కోర్ 2 డ్యూయో ప్రాసెసర్, జీ31 మదర్‌బోర్డు, 2 జీబీ ర్యామ్. హార్డ్ డిస్కులు రెండు, రెండూ సాటావే (సన్నటి కేబులుతో బోర్డుకు కలిసే రకం). 160 జీబీ దాంట్లో విండోస్, 500 జీబీ దాంట్లో ఫోటోలు, వీడియోలు ఉన్నాయి. ప్లగ్గులన్నీ పీకేసి రెండు నెలలు ఊరెళ్లాం. తిరిగొచ్చి ఆన్ చేస్తే ‘సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్’ (బోర్డు సెట్టింగులు చెరిగాయని చెప్పే మాట) అంది. ఎఫ్1 నొక్కితే ‘రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్’ అని ఆగిపోయింది. బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే, బోర్డు మీది ప్రోగ్రాములో) తేదీ 2009 జనవరి 1 చూపిస్తోంది. రెండు డిస్కుల దగ్గరా ‘నాట్ డిటెక్టెడ్’ అని ఉంది. పాత వెడల్పాటి కేబులుతో ఉన్న డీవీడీ డ్రైవ్ మాత్రం కనిపిస్తోంది. షాపులో చూపిస్తే రెండు డిస్కులూ పోయాయి, ఎస్‌ఎస్‌డీ వేయించుకోండి అన్నారు. పెద్ద డిస్కులో మా నాన్నగారి చివరి రోజుల వీడియోలున్నాయి. ఇంకెక్కడా కాపీ లేదు. ఏమైనా దారి ఉందా?
— కాకినాడ నుంచి ఒక పాఠకుడు

సమాధానం: ముందుగా ఒక మాట. ఆ 500 జీబీ డిస్కును ఇప్పుడే ఎవరి చేతికీ ఇవ్వకండి, ఎవరు చెప్పినా ఫార్మాట్ చేయనివ్వకండి. మీరు రాసిన వివరాలు చూస్తే డిస్కులు బాగానే ఉండటానికే ఎక్కువ అవకాశం ఉంది. రెండు వేర్వేరు డిస్కులు, రెండు నెలలు కరెంటు తగలకుండా ఊరికే ఉండి, ఒకే పూట కలిసి పాడవడం చాలా అరుదు. ప్లగ్గులు పీకే వెళ్లారు కాబట్టి పిడుగు వల్లో హై వోల్టేజి వల్లో కాలిపోయాయనడానికీ లేదు. రెండూ ఒకేసారి కనిపించడం మానేశాయంటే, రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది ఏదో దెబ్బతింది. అలాంటివి నాలుగు: ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటరుకు కావలసిన వోల్టులుగా మార్చే డబ్బా), అందులోంచి డిస్కులకు పవర్ తెచ్చే వైరు, మదర్‌బోర్డు మీది సాటా చిప్పు, బయోస్ సెట్టింగులు. వాటిని వదిలేసి నేరుగా డిస్కులనే తప్పుపట్టడం తొందరపాటు.

ఇంకో సంగతి. బయోస్ తెరలోనే డిస్కు కనిపించడం లేదంటే దానికీ విండోస్‌కీ, వైరస్‌కీ, ఫార్మాట్‌కీ సంబంధం లేదు. బయోస్ అడిగేది డిస్కు మోడల్ నంబరు, సైజు మాత్రమే. లోపల ఏముందో అది చూడదు. పూర్తిగా ఖాళీ డిస్కయినా అక్కడ కనిపించి తీరాలి.

చెక్‌సమ్ ఎర్రర్ ఎందుకు వచ్చిందో చెప్పడం తేలిక. బోర్డు మీద రూపాయి బిళ్ళలాంటి సీఆర్2032 బ్యాటరీ ఉంటుంది. ప్లగ్గు గోడకు ఉన్నంతకాలం, కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా సరే, ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటే గడియారాన్ని నడిపిస్తుంది. ప్లగ్గు పీకేస్తే ఆ భారమంతా బ్యాటరీ మీద పడుతుంది. ఏళ్ల తరబడి ఉన్న బ్యాటరీ ఈ రెండు నెలల్లో పూర్తిగా దిగిపోయింది, దాంతో సెట్టింగులు చెరిగిపోయి తేదీ మొదటికి వచ్చింది. మల్టీమీటరు ఉంటే కొలవండి. కొత్తది 3 వోల్టులు, ఆపైన కాస్త చూపిస్తుంది. 2.7 కంటే తక్కువుంటే మార్చేయాలి. వాచీల షాపులో దొరుకుతుంది. ప్లగ్గు పీకి, పక్కనున్న క్లిప్పును మెల్లిగా వంచి పాతది తీసి, అక్షరాలున్న ప్లస్ వైపు పైకి వచ్చేలా కొత్తది పెట్టండి.

అయితే బ్యాటరీ ఒక్కటి మార్చగానే డిస్కులు తిరిగొస్తాయని ఆశ పెట్టుకోవద్దు. జీ31 బోర్డుల్లో సెట్టింగులు చెరిగిపోయినా సాటా మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. బ్యాటరీ మార్చాక బయోస్‌లోకి వెళ్లి (ఆన్ చేయగానే డిలీట్ కీ గానీ ఎఫ్2 కీ గానీ నొక్కి) ‘లోడ్ ఆప్టిమల్ డీఫాల్ట్స్’ ఇవ్వండి, తేదీ, టైము సరిచేయండి, సాటా కంట్రోలర్ ‘ఎనేబుల్డ్’ అని ఉందో లేదో చూడండి. డిస్కుల వరస దగ్గర ‘ఆటో’ బదులు ‘నన్’ అని ఉంటే ‘ఆటో’ చేయండి. సేవ్ చేసి మళ్లీ చూడండి. కనిపిస్తే మంచిదే. లేకపోతే క్యాబినెట్ తెరవాల్సిందే.

తెరిచే ముందు ప్లగ్గు పీకండి. పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుంది. పెయింటు లేని ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకి పని మొదలుపెట్టండి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి. అందులోని పెద్ద కెపాసిటర్లు ప్లగ్గు తీసిన తర్వాత కూడా షాక్ కొట్టగలవు. మామూలు రోజుల్లో క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటూ ఉంటే మీ సాకెట్లో ఎర్తింగు లేదని అర్థం. అది చేతికే కాదు, డిస్కుల సర్క్యూట్లకూ మంచిది కాదు. ఈ పనులన్నీ ఎర్తింగు ఉన్న మూడు పిన్నుల సాకెట్ దగ్గరే చేయండి.

మొదట కళ్లతో చూడండి. రెండు నెలలు మూసి ఉన్న ఇల్లు కనుక ఎలుక కొరికిన వైర్లు, బల్లి గుడ్లు, చీమల మట్టి ఉన్నాయేమో వెతకండి. బోర్డు మీద నిలువుగా గొట్టాల్లా ఉండే కెపాసిటర్ల తలలు చదునుగా ఉండాలి. ఉబ్బి ఉన్నా, గోధుమ రంగు జిగురు కారినా బోర్డు బలహీనపడిందని గుర్తు. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ప్లగ్గుల లోపలి పిన్నులకు చిలుము పట్టడం మామూలే, అందుకే ప్రతి ప్లగ్గునూ విప్పి చూడాలి.

ఇప్పుడు అసలు అనుమానం దగ్గరికి వద్దాం. ఆ రోజుల్లో అసెంబుల్ చేసిన సిస్టమ్‌లలో చవక ఎస్‌ఎంపీఎస్‌కు సాటా పవర్ ప్లగ్గు ఒకటే ఉండేది, లేదా అసలు ఉండేది కాదు. పాత నాలుగు పిన్నుల పెద్ద ప్లగ్గుకు (షాపుల్లో మోలెక్స్ అంటారు) ఒక వై ఆకారపు వైరు తగిలించి, దాని రెండు కొసలనూ రెండు డిస్కులకు పెట్టేవారు. మీ క్యాబినెట్‌లో అలాంటి వైరు ఉంటే, మీరు వెతుకుతున్న దోషి అదే అయ్యుండొచ్చు. డీవీడీ డ్రైవుకు పవర్ వేరే మోలెక్స్ నుంచి వస్తుంది, డేటా వేరే కేబులులో పోతుంది. అది పనిచేస్తూ, ఈ వైరు మీదున్న రెండు డిస్కులు మాత్రం పడిపోవడానికి కారణం సరిపోతుంది.

నిర్ధారించుకోవడం ఇలా. క్యాబినెట్‌ను కదలకుండా పెట్టి, డిస్కు పక్కన లోహపు అంచు మీద వేళ్లు ఆనించి, ఎవరినైనా ఆన్ చేయమనండి. బాగున్న 3.5 అంగుళాల డిస్కు ఒకటి రెండు సెకన్లలోనే సన్నగా వణకడం మొదలుపెట్టి, పది సెకన్లలోపు ఒకే జోరులో తిరుగుతుంది. రెండూ రాయిలా కదలకుండా ఉంటే పవర్ అందడం లేదు. రెండూ హాయిగా తిరుగుతూ కూడా బయోస్‌లో కనిపించకపోతే పవర్ సంగతి వదిలేసి డేటా వైపు వెళ్లాలి. ఈ ఒక్క పరీక్షతో దారి సగం తేలిపోతుంది. షాపులో ఇది చేసి చూశారో లేదో మీ ఉత్తరంలో లేదు.

తిరగడం లేదనుకోండి. ప్లగ్గు పీకి, మోలెక్స్ జోడీని విడదీసి లోపలికి చూడండి. నాలుగు పిన్నుల్లో ఏదో ఒకటి వెనక్కి జరిగిపోయి ఎదుటిదానికి తగలకుండా ఉండటం ఈ ప్లగ్గులకు పుట్టుకతో వచ్చిన జబ్బు. పసుపు వైరు 12 వోల్టులు, ఎరుపు 5 వోల్టులు, నల్లవి రెండూ గ్రౌండ్. డిస్కులో మోటారు తిరిగేది 12 మీద, సర్క్యూట్ నడిచేది 5 మీద. ఏ ఒక్కటి అందకపోయినా డిస్కు బయోస్‌కు జవాబివ్వదు. ప్లాస్టిక్ గోధుమ రంగులోకి మారినా, కరిగినా ఆ వైరును పారేయండి, మళ్లీ వాడొద్దు. కొత్తది కొనేటప్పుడు ఒకటి గమనించండి. సాటా తల మొత్తం ఒకే ముద్దగా పోతపోసి ఉండే రకం తీసుకోకండి. ఆ ముద్ద లోపల వైర్ల కొసలు ఒకదానికొకటి మరీ దగ్గరగా ఉండి, కొన్నాళ్లకు షార్టయి మంటలంటుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి. వైర్లు ఒక్కొక్కటీ విడిగా లోపలికి దిగి, వెనక మూత తీయడానికి వీలుండే రకం అడగండి.

పాత వైరు కరగకుండా, రంగు మారకుండా ఉంటే కొత్తది దొరికేదాకా ఆగక్కర్లేదు. డీవీడీ డ్రైవుకు ఉన్న మోలెక్స్ పనిచేస్తోందని తెలుసు కదా, దాన్ని పీకి డిస్కు వైరుకు తగిలించండి. ఒక్క డిస్కు మాత్రమే పెట్టండి, అదీ 160 జీబీది. ప్రయోగాలన్నీ చిన్నదాని మీదే. నాన్నగారి వీడియోలున్న డిస్కును ప్రతి పరీక్షకూ ఆన్ ఆఫ్ చేయాల్సిన పని లేదు.

మల్టీమీటరుంటే ఎస్‌ఎంపీఎస్‌నూ ఇక్కడే పరీక్షించొచ్చు. డీసీ 20 వోల్టుల మీద పెట్టి, ఖాళీగా ఉన్న మోలెక్స్‌లో నల్ల వైరు పిన్నుకు నల్ల ప్రోబు, పసుపు పిన్నుకు ఎర్ర ప్రోబు ఆనించండి. రెండు ప్రోబుల కొసలూ ఒకదానికొకటి తగలకుండా జాగ్రత్త. కంప్యూటర్ నడుస్తుండగా 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. ఎరుపు మీద 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. ముఖ్యంగా ఆన్ చేసిన మొదటి క్షణాల్లో చూడండి. 3.5 అంగుళాల డిస్కు మొదలయ్యేటప్పుడు 12 వోల్టుల మీద సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది, రెండు డిస్కులంటే 4. అప్పుడు 11 దగ్గరికి జారిపోతే ఎస్‌ఎంపీఎస్ వృద్ధాప్యంలో ఉంది. మీటరులో అంకె బాగున్నా లోపల కెపాసిటర్లు ఎండిపోయి కరెంటు అలలు అలలుగా వచ్చే రకం కూడా ఉంటుంది, దాన్ని మామూలు మీటరు పట్టలేదు. అందుకని తెలిసినవాళ్ల దగ్గర మంచి ఎస్‌ఎంపీఎస్ ఉంటే ఒక గంట అరువు తెచ్చి పెట్టి చూడటం అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష. కొత్తది కొనాల్సివస్తే కనీసం మూడు సాటా ప్లగ్గులు దానికే ఉన్నది కొనండి, ఆ వై వైరు గొడవే ఉండదు.

ఒక తేడా గుర్తుపెట్టుకోండి. ఉదయం మొదటిసారి ఆన్ చేస్తే కనిపించక, కంట్రోల్ ఆల్ట్ డిలీట్ కొట్టగానే కనిపించే డిస్కు చచ్చిన డిస్కు కాదు. అది వేగం అందుకునేలోపే బయోస్ వెతకడం ముగించేస్తోంది. బయోస్‌లో ‘క్విక్ బూట్’ ఆపేయండి. ‘హార్డ్ డిస్క్ ప్రీ-డిలే’ అని గానీ ‘ఐడీఈ డిటెక్ట్ టైమవుట్’ అని గానీ ఉంటే ఆ సెకన్లు పెంచండి. ఇది తాత్కాలిక ఉపశమనం మాత్రమే. ఇన్నాళ్లూ లేని ఆలస్యం ఇప్పుడు వచ్చిందంటే 12 వోల్టులు బలహీనపడ్డాయి, లేదా డిస్కు మోటారు అరిగింది.

డిస్కు తిరుగుతోంది గానీ కనిపించడం లేదు అన్నప్పుడు డేటా కేబులు చూడాలి. ఏడు గీతలుండే ఈ సన్నటి కేబుళ్లు పదే పదే పీకి పెట్టడానికి చేసినవి కావు, తల వదులైపోతుంది. కొత్త కేబులు వేసి, బోర్డు మీద మొదటి సాటా పోర్టులో పెట్టండి. కనిపించకపోతే మిగిలిన పోర్టులన్నీ ఒక్కొక్కటిగా చూడండి, ప్రతిసారీ పూర్తిగా ఆఫ్ చేసి. పెట్టేటప్పుడు డిస్కు వైపు ఎల్ ఆకారపు ప్లాస్టిక్ నాలుకను పైకీ కిందికీ వంచకండి. అది విరిగితే బాగున్న డిస్కు కూడా చిక్కుల్లో పడుతుంది.

డిస్కుల్ని విడివిడిగా పరీక్షించమనడానికి ఇంకో కారణం ఉంది. మీ బోర్డులోని ఐసీహెచ్7 చిప్పు సాటా డిస్కులను కూడా పాత ఐడీఈ పద్ధతిలోనే, మాస్టర్ (మొదటిది), స్లేవ్ (రెండోది) అనే జంటలుగా బయోస్‌కు చూపిస్తుంది. జంటలో ఒకటి జవాబివ్వకుండా మొరాయిస్తే రెండోది కూడా మరుగున పడొచ్చు. ఒకదాన్ని తీసేయగానే ఇంకొకటి ప్రత్యక్షమైతే తీసేసినదాంట్లోనే లోపం ఉంది. (నలభై పిన్నుల వెడల్పాటి కేబులున్న పాత ఐడీఈ డిస్కులు వాడేవారికి ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. అక్కడ జంపర్లు, అంటే డిస్కు వెనక పిన్నులకు తొడిగే చిన్న ముక్కలు, కూడా చూసుకోవాలి, ఒకే కేబులు మీద ఇద్దరు మాస్టర్లు ఉండకూడదు.)

ఇదే ఇబ్బంది వేరే బోర్డుల మీద పడుతున్నవారికి రెండు ముక్కలు. 865, 915 చిప్‌సెట్ల బోర్డుల్లో సాటా సెట్టింగు ‘కంబైన్డ్’కు మారితే కొన్ని పోర్టులు కనిపించవు, ‘ఎన్‌హాన్స్‌డ్’ పెట్టాలి. వయా వీటీ8237, వీటీ8237ఆర్ చిప్పులున్న బోర్డులు 3 గిగాబిట్ల డిస్కుతో వేగం కుదుర్చుకోలేవు, డిస్కు వెనక జంపర్ పెట్టి దాన్ని 1.5కు తగ్గిస్తేనే గుర్తిస్తాయి. 2011 మొదట్లో వచ్చిన హెచ్67, పీ67 బోర్డుల తొలి విడతలో 3 గిగాబిట్ల పోర్టులు కాలక్రమంలో బలహీనపడే లోపాన్ని ఇంటెల్ ఆ ఏడాది జనవరి 31న స్వయంగా ప్రకటించింది. ఆ బోర్డుల్లో డిస్కును 6 గిగాబిట్ల పోర్టులోకి మారిస్తే చాలు.

మళ్లీ మీ దగ్గరికి. పవర్ బాగుంది, కేబులు కొత్తది, ఏ పోర్టులోనూ ఏ డిస్కూ లేదంటే, చిన్న డిస్కును ఇంకో కంప్యూటరుకు పెట్టి చూడండి. యూఎస్‌బీ అడాప్టరు వాడితే దానితోపాటు 12 వోల్టులు, 2 ఆంపియర్ల ఛార్జరు తప్పనిసరిగా ఉండాలి. లాప్‌టాప్ డిస్కులకు అమ్మే ఉత్త కేబులు 3.5 అంగుళాల డిస్కును తిప్పలేదు. అది తిరగకపోతే ‘ఇక్కడ కూడా చచ్చింది’ అని పొరబడతారు. అక్కడ కనిపిస్తే మీ బోర్డు మీది సాటా భాగం పోయింది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ సాటా కార్డు పెట్టి బోర్డును బతికించొచ్చు. కానీ ఈ వయసు బోర్డు మీద అంతకుమించి ఖర్చుపెట్టడం సరికాదని మా అభిప్రాయం. డేటా తీసుకుని సెకండ్‌హ్యాండ్ సిస్టమ్‌కు మారండి.

చిన్నది అన్నిచోట్లా పనిచేసి 500 జీబీది ఒక్కటే మొరాయిస్తే దాని శబ్దం వినండి. టిక్కు టిక్కు అని కొట్టుకుంటుంటే వెంటనే ఆఫ్ చేయండి, మళ్లీ ఆన్ చేయొద్దు. డేటా చదివే తల లోపలి ప్లేటును గీకే ప్రమాదం ఉంది, ప్రతి ఆన్‌కూ వీడియోలు కొన్ని పోతుంటాయి. ఫ్రిజ్‌లో పెట్టడం, మూత విప్పడం, అదే మోడల్ డిస్కు పచ్చబోర్డు తెచ్చి బిగించడం లాంటివి చేయకండి. ఆ బోర్డు మీది చిన్న చిప్పులో ఆ ఒక్క డిస్కుకే చెందిన లెక్కలుంటాయి, దాన్ని కూడా మార్చి అతికిస్తే తప్ప ఫలితం ఉండదు. అప్పుడు డేటా రికవరీ ల్యాబుకు ఇవ్వడమే దారి.

శబ్దం మామూలుగా ఉండి, చక్కగా తిరుగుతూ కూడా కనిపించకపోతే లేబుల్ చదవండి. సీగేట్ బర్రకూడా 7200.11, మోడల్ ఎస్‌టీ3500320ఏఎస్, ఫర్మ్‌వేర్ (డిస్కు లోపల నడిచే సొంత ప్రోగ్రాము) ఎస్‌డీ15 అని ఉంటే ఆశ వదులుకోకండి. ఆ విడతలో ఫర్మ్‌వేర్ లోపం వల్ల డిస్కు ఆన్ చేసినప్పుడు తాళం పడినట్టు బిగుసుకుపోయేది. 2009 జనవరికల్లా అది అందరికీ తెలిసిన సమస్య. లోపల డేటా చెక్కుచెదరదు, సీరియల్ వైరుతో తాళం తీయడం రికవరీ పనివాళ్లకు బాగా తెలుసు. కొత్త ఫర్మ్‌వేరు ఎక్కిస్తే పోతుందని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి. అది బిగుసుకోకముందు వేసే టీకా, బిగుసుకున్నాక పనిచేయదు.

డిస్కులు తిరిగొచ్చాక ఒక చిక్కు మిగులుతుంది. సెట్టింగులు చెరిగాయి కాబట్టి బయోస్ 500 జీబీ డిస్కును మొదటిదిగా తీసుకుని, అందులో విండోస్ లేదని మళ్లీ అదే ‘రీబూట్ అండ్ సెలెక్ట్’ మాట చూపించొచ్చు. బూట్ మెనూలో ‘హార్డ్ డిస్క్ డ్రైవ్స్’ వరసలో 160 జీబీని పైకి తెండి. విండోస్ వచ్చాక ‘ఇనీషియలైజ్ చేయాలా’, ‘ఫార్మాట్ చేయాలా’ అని అడిగితే వద్దనండి. చెక్‌డిస్క్ దానంతటదే మొదలైతే ఏదో ఒక కీ నొక్కి ఆపండి, కాపీ తీసేదాకా అది వద్దు.

ఆ రోజే వీడియోలను బయటి డిస్కులోకి తీయండి. విండోస్ ఎక్స్‌పీ అయితే 2 టీబీ మించని డిస్కు కొని, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేసుకోండి. మీ బోర్డులో యూఎస్‌బీ 2.0 మాత్రమే ఉంటుంది కనుక సెకనుకు 30 ఎంబీ చొప్పున వేసుకున్నా 300 జీబీకి మూడు గంటలు పడుతుంది. నాన్నగారి ఫోల్డరును ముందు కాపీ చేసి మిగిలినవి తర్వాత చూసుకోండి. అది ముగిశాక బయటి డిస్కులోంచే ఆ వీడియోలు తెరిచి, ఒక్కొక్కటీ చివరిదాకా నడిపి చూడండి.